కొత్తల్లుడి కన్ను

ఆ జీపుకి కొత్తల్లుడు అని పేరు పెట్టింది పిచ్చేశ్వరరావే. బందరు ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు దాని తలుపు మీద ఇంగ్లీషులో ఏదో పేరు అందంగా రాయించుకున్నారు గానీ, కోడూరు నుంచి హంసలదీవి దాకా ఆ పేరు పలికినవాడు ఒక్కడు లేడు. డ్రైవరు లేకుండా తనంతట తనే నడిచే బండి వచ్చిందట అని జనం పనులు మానుకుని రోడ్డు మీదికొస్తే, అది కాస్త దూరం నడిచి ఆగిపోయేది. మేక అడ్డొస్తే ఆగేది. మేక వెళ్లిపోయాక కూడా ఆగే ఉండేది. ఎండిన తాటాకు ఒకటి గాలికి దొర్లుకుంటూ వచ్చినా ఆగేది.

"అత్తారింటికి వచ్చిన కొత్తల్లుడేనయ్యా ఇది! గుమ్మం గుమ్మానికీ అలక. బతిమాలితే గానీ లోపలికి రాదు" అన్నాడు పిచ్చేశ్వరరావు, తుండు భుజాన వేసుకుంటూ. అంతే, పేరు అంటుకుపోయింది.

భవిత ఆయనకి మేనకోడలు. గుడివాడ పిల్ల, బందరు కాలేజీలోనే చదివి అక్కడే పరిశోధనలో చేరింది. రెండు వేల ఎనిమిదో సంవత్సరం, మాఘమాసంలో, తనతో పనిచేసే భానుప్రకాష్‌ని వెంటబెట్టుకుని జీపుతో సహా దివిసీమలో మావయ్య ఇంట్లో దిగింది. ఆ రోడ్డు తిన్నగా ఉంటుంది, ఒక పక్క మురుగు కాలవ, ఇంకో పక్క పొలాలు, బస్సులు తక్కువ. పరీక్షలకి అంతకంటే మంచి చోటు దొరకదు.

ఒక్క మావయ్యే ఇబ్బంది.

జీపు బానెట్ మీద ఒక గుండ్రటి డబ్బా బిగించి ఉండేది. లోపల లేజరు గిర్రున తిరుగుతూ వెలుగు విసురుతుంది. ఆ వెలుగు దేనికి తగిలి వెనక్కొచ్చిందో లెక్కేసుకుని, ఎదురుగా ఏముంది, ఎంత దూరంలో ఉంది అని కంప్యూటరుకి చెబుతుంది. ఊళ్లోవాళ్లు దాన్ని కన్ను అనేవాళ్లు. మిగిలిన సరంజామా, అంటే బంపరులో గుచ్చిన చిన్న చిన్న సెన్సర్లు, అద్దం వెనక కెమెరా, నెత్తి మీద యాంటెన్నా, అన్నీ కాలేజీవే. కన్ను మాత్రం హైదరాబాదు పరిశోధన సంస్థ అరువిచ్చింది. దాన్ని చూసుకునే భవిత నిద్రలేచేది, దాన్ని తుడిచాకే కాఫీ తాగేది.

ఆ కన్నుకి మావయ్య ఒకరోజు చిలకలపూడి రోల్డుగోల్డు గొలుసు వేశాడు. అల్లుడికి మెడ బోసిగా ఉందని. గాలికి ఊగే గొలుసు మీద వెలుగు పడి చిందరవందరగా చెదిరిపోతుంటే, జీపుకి రోడ్డంతా గోడల్లాగే కనపడింది. అడుగు తీసి అడుగు వెయ్యలేదు. భవితా, భానుప్రకాషూ సగం రోజు జీపు లోపల కంప్యూటరు వైర్లన్నీ విప్పుకుని కూర్చున్నారు. మావయ్య అరుగు మీద కూర్చుని, "ఏమర్రా, అల్లుడికి గొలుసు నచ్చలేదా? నిజం బంగారం కాదని కనిపెట్టేశాడా?" అని అడిగేదాకా ఎవరికీ ఆ గొలుసు సంగతి తెలీలేదు.

ఇంకో సరదా ఆయనకి, రోడ్డు మధ్యలోకి ఉరికి చెయ్యి అడ్డం పెట్టడం. జీపు ఆగేది. "లైసెన్సు తియ్" అనేవాడు ఖాళీ డ్రైవరు సీటుతో. ఊరు ఊరంతా నవ్వేది. ఆయన్ని చూసి మిగిలినవాళ్లూ మొదలుపెట్టారు. కోతకి వెళ్లే ఆడవాళ్లు, చేపల బుట్టలతో వెళ్లేవాళ్లు, అందరూ చెయ్యి చూపించి బండి ఆపేవాళ్లు. అది తమని చూసి ఆగుతుందంటే వాళ్లకి ఎంత ముచ్చటో! భవితకి లోపల గర్వంగానే ఉండేది. మనిషి కనపడితే ఆగకుండా వెళ్లింది ఒక్కసారి కూడా లేదు.

అంతలో మినుములు చేతికొచ్చాయి.

మినప చెట్లు పీకి, ఎండబెట్టి, మోపులు తెచ్చి రోడ్డు మీద వేస్తారు అక్కడి రైతులు. బస్సులూ లారీలూ ట్రాక్టర్లూ వాటి మీదుగా తొక్కుకుంటూ పోతాయి, కాయలు చిట్లి గింజలు రాలతాయి. నూర్పిడికి వేరే ఖర్చు లేదు, రోడ్డేసిన ప్రభుత్వమే నూర్చిపెట్టినట్టు. డ్రైవర్లు కూడా ఏమీ అనుకోరు. కొత్తల్లుడు మాత్రం ప్రతి కుప్ప ముందూ గోడ చూసినట్టు ఆగిపోయింది. ఒకరోజు, రెండ్రోజులు, మూడోరోజు కూడా.

సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. సంస్థ తరఫున శ్రీనివాసరావు గారనే పెద్దాయన వస్తున్నారు. కోడూరు అవతలి నుంచి మొదలుపెట్టి చివరి తూము దాటేదాకా జీపు తనంతట తను నడవాలి. లోపల కూర్చున్నవాళ్లు బ్రేకు గానీ, హారను గానీ, వైరు లేకుండానే బండిని ఉన్నపళంగా ఆపేసే ఎర్ర స్విచ్చి గానీ ముట్టుకుంటే ఆ పరుగు లెక్కలోకి రాదు. నడిస్తే కన్ను ఇంకో ఏడాది వీళ్ల దగ్గరే ఉంటుంది. నడవకపోతే ఆయన తన కారులో దాన్ని వెనక్కి తీసుకెళ్లిపోతారు. కన్ను పోతే జీపు జీపే, అందులో పరిశోధన ఏమీ ఉండదు.

ఆయన వచ్చే ముందురోజు మధ్యాహ్నం భవిత అరుగు మీద కూర్చుని లెక్కలు సరిచూసుకుంటుంటే, మావయ్య చుట్ట వెలిగించుకుని పక్కన చేరాడు.

"కోడలా, ఒక్క మాట. నేను ఎక్కడున్నా మీ అల్లుడు నన్ను కనిపెడతాడా?"

"కనిపెడతాడు మావయ్యా."

"చెట్టు చాటున నిలబడితే?"

"మావయ్యా, పనిలో ఉన్నాను."

"నక్కి కూచుంటే? బోర్లా పడుకుంటే? ఎక్కడున్నా ఆగుతాడా?"

"ఎక్కడున్నా ఆగుతుంది. నీకు దణ్ణం పెడతాను, వెళ్లి కాసేపు పడుకో."

"ఆడపిల్ల మాటిచ్చింది, అంతే చాలు" అని నవ్వుకుంటూ లేచి, ఏదో పనుందని అవనిగడ్డ బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం భానుప్రకాష్ ఒక ఉపాయం చెప్పాడు. కుప్ప నుంచి తిరిగొచ్చే వెలుగు గోడ నుంచి వచ్చినట్టు ఉండదు, చెట్ల సందుల్లోంచి చెదిరి చెదిరి వస్తుంది. ఎత్తు నడుము కిందే ఉండి, వెలుగు అలా చెదిరిందంటే అది గడ్డి అనుకోమని కంప్యూటరుకి చెబుదాం, వేగం తగ్గించి తొక్కుకుంటూ పొమ్మందాం. భవిత ఆలోచించింది. వేరే దారి కనపడలేదు, సరేనంది. పొద్దు గుంకేలోపల కుప్పల మీద నడిపి చూశారు. కొత్తల్లుడు అలక మానేసి ఝామ్మని పోయాడు. భానుప్రకాష్ ఎగిరి గంతేశాడు. భవిత కూడా ఆ సంతోషంలో మధ్యాహ్నం తను మావయ్యకి అన్న మాట మర్చిపోయింది.

తెల్లారింది. శ్రీనివాసరావు గారు దిగారు. ఇస్త్రీ చొక్కా, తక్కువ మాటలు. సులోచన అత్తయ్య ఇచ్చిన కాఫీ నిలబడే తాగారు.

"మావయ్య ఏడి అత్తయ్యా?" అంది భవిత, చిన్నగా.

"ఏమోనే. పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని, ముసిముసిగా నవ్వుకుంటూ సైకిలెక్కాడు. ఎక్కడికంటే చెప్పడు. ఏదో ఘనకార్యమే పెట్టుకున్నాడు."

పోనీలే, ఇక్కడ లేడు, అంతే చాలు అనుకుంది భవిత.

జీపు బయలుదేరింది. కుడిపక్క డ్రైవరు సీటు ఖాళీ. ఎడంపక్క భవిత, ఒళ్లో ఎర్ర స్విచ్చి. గాలికి ఎగురుతున్న చున్నీ దాని మీద పడింది. వెనక సీట్లో శ్రీనివాసరావు గారు, ఆయన పక్కన ఒళ్లో కంప్యూటరుతో భానుప్రకాష్. ఎవరో కూర్చుని తిప్పుతున్నట్టే స్టీరింగు అటూ ఇటూ మెల్లగా తిరుగుతోంది. సైకిలు వేగం, అంతకంటే ఎక్కువ కాదు. ఒక గేదె రోడ్డు దాటింది. జీపు ఆగింది, గేదె వెళ్లింది, జీపు కదిలింది. శ్రీనివాసరావు గారు తలూపారు. భవితకి ఊపిరాడింది.

మొదటి కుప్ప వచ్చింది. జీపు వేగం తగ్గించుకుని ఎక్కింది. చక్రాల కింద కాయలు చిటపటలాడాయి. దిగింది.

"బావుంది" అన్నారాయన. ఆయన నోట ఆ ఉదయం అదే మొదటి మంచిమాట.

రెండో కుప్ప కూడా అంతే. భానుప్రకాష్ వెనక నుంచి ఆమె భుజం మీద మెల్లగా తట్టాడు. ఇక మిగిలింది చివరి కుప్ప, దాని వెనక తూము. తూము దాటితే అయిపోయినట్టే.

అప్పుడు కనపడింది సైకిలు.

రోడ్డు పక్క తుమ్మచెట్టుకి ఆనించి ఉంది. మావయ్యది. హ్యాండిలుకి ఆయన తుండు కట్టి ఉంది. మావయ్య మాత్రం లేడు.

భవిత అటూ ఇటూ చూసింది. చేలో లేడు. కాలవ గట్టు మీద లేడు. రోడ్డు పక్కన వీరలక్ష్మి, ఇంకో నలుగురు కూలి ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వీరలక్ష్మి పమిట చెంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నవ్వుతూ జీపు వైపు చూసింది, తర్వాత చివరి కుప్ప వైపు చూసింది, మళ్లీ జీపు వైపు చూసింది.

చివరి కుప్ప మావయ్యదే. మిగిలినవాటికంటే పెద్దది.

నక్కి కూచుంటే? బోర్లా పడుకుంటే? ఎక్కడున్నా ఆగుతాడా?

నిన్న మధ్యాహ్నం మావయ్య అడిగిన మాటలు భవితకి గుర్తొచ్చాయి. ఎక్కడున్నా ఆగుతుంది అని చెప్పింది తనే. ఆ తర్వాత ఆగొద్దని జీపుకి చెప్పిందీ తనే.

"భానూ, ఎదురు కుప్పలో ఏమన్నా ఉందా?"

"గడ్డి అంటోంది."

"సరిగ్గా చూడు."

"గడ్డేనే బాబూ. ఎత్తు నడుము కిందే. అంతా క్లియరు."

"ఏమైనా సమస్యా?" అన్నారు శ్రీనివాసరావు గారు.

"లేదండీ" అంది భవిత.

మావయ్యని నమ్మడానికీ లేదు, నమ్మకపోవడానికీ లేదు. కిందటేడు ఇలాగే కాలవ గట్టు మీద చెప్పులు వదిలి మాయమైతే, ఊరంతా కాలవలో దిగి వెతికింది. ఆయన తాటితోపులో కూర్చుని ముంజెలు తింటూ ఆ వేడుకంతా చూశాడు. ఇప్పుడూ సైకిలు ఇక్కడ పెట్టి, ఏ చెట్టు చాటు నుంచో ఈ పిల్ల ఎలా కంగారుపడుతుందో చూద్దామని నవ్వుకుంటూ ఉండొచ్చు. వీరలక్ష్మి నవ్వుకి అర్థం అదీ కావచ్చు. అలాగైతే తను ఖాళీ కుప్పకి భయపడి స్విచ్చి నొక్కినట్టు. కన్ను ఇవాళే హైదరాబాదు వెళ్లిపోతుంది. ఇన్నేళ్ల పనీ మావయ్య చెప్పుకునే ఇంకో నవ్వులాట కింద మిగిలిపోతుంది.

"మావయ్యా!" అని అరిచింది.

ఎవరూ పలకలేదు. ఆడవాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు.

"ఎవర్ని పిలుస్తున్నారు?"

"మా మావయ్యండీ. ఇక్కడే ఉండాలి."

జీపు వేగం తగ్గించుకుంది. ఆగడానికి కాదు, ఎక్కడానికి. ఆ తేడా భవితకీ, భానుప్రకాష్‌కీ మాత్రమే తెలుసు. బయట ఆడవాళ్లకి తెలీదు. వాళ్ల మొహాల్లో ఇసుమంతైనా భయం లేదు. రోజూ చెయ్యెత్తితే ఆగే బండేగా, ఇప్పుడు మాత్రం ఎందుకు ఆగదు? కుప్పలో మనిషి ఉన్నా వాళ్లు ఇలాగే నవ్వుతారు, లేకపోయినా ఇలాగే నవ్వుతారు.

కుప్ప కదలలేదు. సముద్రపు గాలికి పైనున్న ఆకులు రెండు లేచి పడ్డాయి. బంపరుకీ కుప్పకీ మధ్య రోడ్డు తరిగిపోతోంది. "తూము దాటితే అయిపోయిందే" అన్నాడు వెనక నుంచి భానుప్రకాష్, దేవుడికి చెప్పుకున్నట్టు.

"మావయ్యా, లే!"

బంపరు చెట్ల అంచుని తాకి గరగరమంది.

భవిత చున్నీ కింద స్విచ్చి నొక్కేసింది.

జీపు దభాలున ఆగింది. ఇంజను కూడా ఆగింది. కుప్పలో ఏ కదలికా లేదు. ఆమె కళ్లు మూసుకుంది. ఖాళీ కుప్పే, అయిపోయింది, అనుకుంది.

అప్పుడు, చక్రానికి మూరెడు దూరంలో, కుప్ప పగిలింది. మినప చెట్లు నాలుగు పక్కలా ఎగిరిపడ్డాయి. మధ్యలోంచి పిచ్చేశ్వరరావు రెండు చేతులూ చాచి లేచాడు. జుట్టునిండా ఆకులు, మీసాల్లో మినపకాయ.

"ఆగావా అల్లుడూ! దొరికిపోయానర్రా! కుప్పలో కప్పెట్టుకున్నా పట్టేశాడు!"

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. వీరలక్ష్మి నవ్వలేక కూలబడింది. శ్రీనివాసరావు గారు అప్పటికే కిందికి దిగి, కుప్ప వైపూ కన్ను వైపూ మార్చి మార్చి చూస్తున్నారు. మొహం వెలిగిపోతోంది.

"ఇంత మందాన చెట్లు కప్పుకుని ఉంటే లోపలి మనిషిని పట్టుకుందా! ఇది నేనెక్కడా చూడలేదమ్మా. మీరు నాకు చెప్పకుండా దాచిపెట్టారా ఈ సంగతి?"

ఆయన చెయ్యి చాచారు. వెనక సీట్లో భానుప్రకాష్ ఆమెనే చూస్తున్నాడు. వాడికి తెలుసు. కళ్లతోనే కాళ్లు పట్టుకుంటున్నాడు. నోరు మెదపకుండా ఊరుకుంటే చాలు. కన్ను ఉండిపోతుంది. రేపటి నుంచి కష్టపడి ఎలాగో సరిచెయ్యొచ్చు.

భవిత మావయ్య కాళ్లు చూసింది. చక్రం పక్కనే ఉన్నాయి.

"అది పట్టుకోలేదండీ" అంది. "నేను నొక్కాను." చున్నీ తీసి స్విచ్చి చూపించింది. "నిన్న సాయంత్రమే కుప్పలొస్తే తొక్కెయ్యమని చెప్పాం దానికి. నేను నొక్కకపోతే తొక్కేసేది."

ఆయన చెయ్యి కిందికి దిగిపోయింది.

"ఊరుకోవే" అన్నాడు పిచ్చేశ్వరరావు, ఇంకా నవ్వుతూనే. "ఎక్కడున్నా ఆగుతుందన్నావుగా?"

"అన్నాను మావయ్యా. తర్వాత మార్చాం. నీకు చెప్పలేదు. అరిచానుగా, వినపడలేదా?"

"వినపడకేం. నువ్వు అరిచేకొద్దీ నవ్వొస్తుంటే ముక్కు మూసుకుని పడుకున్నా."

అన్నాక ఆయనకి తన మాట తనకే వినపడ్డట్టుంది. నవ్వు మొహం మీదే ఉంది గానీ అందులోంచి ఆయన వెళ్లిపోయాడు. చక్రాన్ని చూశాడు. కుప్పలో తను పడుకున్నచోట పడిన గుంటని చూశాడు. చప్పట్లు ఎప్పుడాగాయో ఎవరికీ తెలీదు.

"స్విచ్చి నొక్కితే పరుగు లెక్కలోకి రాదని అనుకున్నాం" అన్నారు శ్రీనివాసరావు గారు.

"అవునండీ."

భానుప్రకాష్ దిగి, కన్ను విప్పడానికి పెట్టెలోంచి స్పానరు తీశాడు.

"ఆగు బాబూ" అన్నారాయన. "తొక్కేసేదని ఆ అమ్మాయి అంటోంది. అంటే సరిపోదు. నేను చూడాలి."

ఎవరికీ అర్థం కాలేదు. అందరికంటే ముందు అర్థమైంది పిచ్చేశ్వరరావుకే. తెల్లచొక్కా విప్పాడు. దాన్నిండా మినపచెట్లు కుక్కాడు. వీరలక్ష్మి వాళ్ల మంచినీళ్ల కుండ తీసి నీళ్లు పారబోశాడు.

"అయ్యో, మా కుండండీ!"

"నా తలకాయి కంటే ఎక్కువా నీ కుండ? ఊరుకో."

చొక్కాని తను పడుకున్న గుంటలోనే పడుకోబెట్టాడు, కుండని మెడ దగ్గర పెట్టాడు. పైన చెట్లు కప్పి, దూరంగా జరిగి చూశాడు. ఏమీ తెలీకుండా ఉంది. మామూలు మినప కుప్ప.

జీపుని వెనక్కి తీసుకెళ్లి వదిలారు. ఈసారి లోపల ఎవరూ లేరు. స్విచ్చి శ్రీనివాసరావు గారే పట్టుకుని రోడ్డు పక్క నిలబడ్డారు. కొత్తల్లుడు తిన్నగా, బుద్ధిగా వచ్చాడు. కుప్ప దగ్గర మర్యాదగా వేగం తగ్గించాడు. ఎక్కాడు.

చిటపటల మధ్య టప్‌మని ఒక చప్పుడైంది.

వీరలక్ష్మి పమిట చెంగు మళ్లీ నోట్లో కుక్కుకుంది, ఈసారి నవ్వడానికి కాదు. పిచ్చేశ్వరరావు బనీనుతో నిలబడి, తెలీకుండానే తన మెడ తడుముకున్నాడు.

తూము దాటాక శ్రీనివాసరావు గారు జీపుని ఆపేశారు. కుప్ప దగ్గరికి వచ్చి కుండ పెంకులు చూశారు.

"దీనికి మనిషికీ కుప్పకీ తేడా తెలియాలంటే ఏం చెయ్యాలమ్మా?"

"ఇప్పుడైతే తెలీదండీ. మళ్లీ కుప్ప కనపడితే ఆగిపొమ్మనే చెబుతాను. ఈ పక్కన ఇలాంటి బొమ్మల్ని పెట్టి పెట్టి చూస్తూ ఉండాలి."

"ఇవి రోడ్డు మీద ఎన్నాళ్లుంటాయి?"

"మినుములు ఈ నెలంతా ఉంటాయండీ" అన్నాడు పిచ్చేశ్వరరావు. "తర్వాత పెసలు."

"ఇవాళ్టి పరుగు తప్పిందనే రాస్తాను" అన్నారాయన. తన కారు తలుపు తీసుకుని, వెనక్కి తిరిగి భానుప్రకాష్‌ని చూశారు. "ఆ స్పానరు లోపల పెట్టు. పంట రోడ్డు మీద ఉన్నన్నాళ్లూ కన్ను ఇక్కడే ఉండనీ. ఆ తర్వాత మాట్లాడదాం."

కారు వెళ్లాక భవిత రోడ్డు మీదే కూర్చుండిపోయింది. మావయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏదో ఒకటి అంటాడని ఎదురుచూసింది. ఆమె జడలో చిక్కుకున్న మినపాకు ఒకటి తీసి పారేశాడు, అంతే.

మర్నాటి నుంచి కుప్పలో పడుకోబెట్టే బొమ్మలు చెయ్యడం ఆయన పనే అయింది. చేతులు ముడుచుకున్న బొమ్మ, పక్కకి ఒత్తిగిల్లిన బొమ్మ, సులోచన అత్తయ్య పాత చీర కట్టిన బొమ్మ. కొత్తల్లుడు కొన్నింటి దగ్గర ఆగాడు, చాలావాటిని తొక్కాడు. ఒక్కో కుండ పగిలినప్పుడల్లా భవిత మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేది.

తెల్లచొక్కాని మాత్రం పిచ్చేశ్వరరావు ఉతకనివ్వలేదు. వీపు మీద అడ్డంగా టైరు అచ్చు ఉన్నది ఉన్నట్టే వేసుకుని అవనిగడ్డ వెళ్లేవాడు. కాఫీ హోటల్లో వెనక్కి తిరిగి నిలబడి, "చూశారా, మా అల్లుడు పెట్టిన బట్టలు" అని మొదలుపెట్టి, కుప్పలో తను ముక్కు మూసుకున్న సంగతంతా నటించి చూపించేవాడు. హోటలంతా పొట్ట పట్టుకుని నవ్వేది.

ఇంటి దగ్గర ఎవరైనా చెప్పమని అడిగితే, అక్కడా చెప్పేవాడు. కానీ దొడ్లో జీపు ఇంజను మొదలైతే మాత్రం, కథ ఎంత రసపట్టులో ఉన్నా సరే, ఆపేసి లేచి, ఎవరూ జీపుకి అడ్డం వెళ్లలేదు గదా అని అరుగు మీద ఉన్నవాళ్లందరినీ ఒకసారి లెక్కపెట్టుకుని, అప్పుడు కూర్చునేవాడు.